కణంలోకి దిగని మాత్ర

నన్ను చూడటానికి వచ్చినవాళ్లంతా ముందు నా నోటి వంక చూసేవారు. బ్లడ్ క్యాన్సర్ అనగానే జనానికి సినిమాల్లో దగ్గు, దస్తీలో నెత్తుటి మరక గుర్తొస్తాయి. నేను కాస్త దగ్గితే చాలు, గదిలో మాటలు ఆగిపోయేవి. ఒకసారి మిరపకాయ బజ్జీ గొంతుకు అడ్డం పడి పొలమారింది. ఎదురు క్వార్టర్ కనకవ్వ "అయ్యో బిడ్డా" అంటూ ఏడుపు అందుకుంది. బజ్జీ అవ్వా, బజ్జీ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. మర్నాటికల్లా మా గోదావరిఖని కాలనీ అంతా నేను నెత్తురు కక్కుకున్నానని చెప్పుకుంది.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి నవ్వొస్తోంది. అప్పుడు ఒళ్లు మండేది. ఇదే జబ్బుతో ఇదే మాత్ర మింగుతున్నవాళ్లు ఎక్కడైనా ఉంటే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే, వాళ్ల పక్కన నిలబడి ఆ మాత్ర అందించే మొగుళ్ల కోసం, పెళ్లాల కోసం రాస్తున్నాను. ప్రేమతో ఎంత పని చేస్తారో వాళ్లకు తెలియాలి.

నిరుడు ఎండాకాలంలో మొదలైంది. నేను ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ బల్ల మీదే నిద్రపోతున్నాను. మా ఊళ్లో ఎండ సంగతి తెలిసిందే కదా, అందరూ ఎండే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఎడమవైపు డొక్క కింద బరువుగా ఉండేది. రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. చివరికి రక్తపరీక్ష చేయిస్తే, ల్యాబులో అతను మిషన్ చెడిపోయిందేమో అనుకుని రెండోసారి సూది గుచ్చాడు. మిషన్ బాగానే ఉంది. తెల్లకణాలే ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఉన్నాయి. హైదరాబాద్ పొమ్మన్నారు.

హైదరాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలు నాలో హద్దూ అదుపూ లేకుండా పుట్టుకొస్తున్నాయట. లోపల ఒక ఎంజైమ్ ఉందట, ఆపడం మరిచిపోయిన స్విచ్చులాగా "పుట్టు, పుట్టు" అని ఆజ్ఞ ఇస్తూనే ఉంటుందట. మాత్ర ఆ కణంలోకి వెళ్లి, ఎంజైమ్ మీద కూర్చుని దాని నోరు మూయిస్తుందట.

"ఒకప్పుడు ఈ జబ్బంటే భయపడేవాళ్లం. ఇప్పుడు రోజుకో మాత్ర. భోజనం చేసి, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోండి. మీ పని మీరు చేసుకోవచ్చు" అంది.

నా పక్కన మా బావ ఇస్సాకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనబావనే చేసుకున్నాను కాబట్టి ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా రాడ్లు బిగించే పని ఆయనది. ఎవరు ఏం చెప్పినా చేత్తో తట్టి చూసిగానీ నమ్మడు. డాక్టరమ్మ మాట విన్నాక మాత్రం అక్కడికక్కడే జేబులోని తంబాకు డబ్బా తీసి, లోపలున్నదంతా చెత్తబుట్టలో కుమ్మరించాడు. "నీకు నయమయ్యేదాంక ముట్ట" అన్నాడు. ఖాళీ డబ్బా మాత్రం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అలవాటు కదా, ఉండనీ అనుకున్నాను. మొగుడి మీద అంత గర్వపడ్డ రోజు నా సంసారంలో ఇంకోటి లేదు.

వానలు పడేసరికి మాత్ర తన ప్రతాపం చూపించింది. పొద్దున లేస్తే కళ్లు తెరుచుకోవు, కింద సంచులు వేలాడుతుంటాయి. పిక్కలు పట్టేస్తాయి. వేసుకున్న గంటకు కడుపులో దేవినట్టవుతుంది. ఇటుక రంగులో, గొంతుకు అడ్డం పడేంత లావు మాత్ర. చూస్తేనే వాంతి వచ్చేది. అందుకని బావ ఒక పద్ధతి పెట్టాడు. నేను మధ్యాహ్నం అన్నం తినగానే ఎదురుగా కూర్చునేవాడు. మొదటి షిఫ్టు ఉన్న వారాల్లో ఆయన ఇంటికొచ్చేదాకా నేను తినకుండా ఆగేదాన్ని, రెండో షిఫ్టు వారాల్లో ఆయన బయల్దేరేముందు తొందరగా తినేదాన్ని.

"సుగుణా, కండ్లు మూస్కో. నోరు తెరువు."

నాలుక మీద మాత్ర, చేతిలో నీళ్ల గ్లాసు. నేను కళ్లు మూసుకునే మింగేదాన్ని. చిన్నపిల్లకు వేసినట్టు వేస్తాడని విసుక్కున్నా, ఆ పూట ఆ చెయ్యి లేకపోతే నా వల్ల అయ్యేది కాదు.

దీనికి తోడు సలహాలు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ ఒక డాక్టరే. కనకవ్వ అయితే రోజూ గిన్నెతో వచ్చేది.

"గీ ఇంగ్లీషు గోలీలు ఏడి జేస్తయ్ బిడ్డా. బొప్పాయాకు దంచి రసం తాగు. తెల్లారెవరకు కణాలు పెరుగుతయ్."

"కణాలు పెరుగుడే నా రోగం అవ్వా!"

"మంచిదే గద మరి. జల్ది పెరిగితె జల్ది తగ్గుతది."

ఇంకొకరు పంపరపనస రసం తెచ్చారు. ఆ పండు ఈ మందుతో పడదని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. చెప్తే, "పండ్లు గూడ పడయా, ఏం మందమ్మా అది" అని మూతి ముడుచుకుని వెళ్లారు. నేను రోగినో, వచ్చినవాళ్లకు జవాబులు చెప్పే గుమస్తానో నాకే తెలిసేది కాదు.

ఒక్క ఆదివారం మాత్రం హాయిగా ఉండేది. ఎందుకో తెలియదు, ఆ రోజు అన్నం తిన్నాక కడుపు తిప్పేది కాదు. మాంసం కూర ఇష్టంగా తినేదాన్ని. సోమవారం పొద్దున ముఖం కాస్త తేటగా ఉండేది. ఆదివారం బావకు ప్లేడే. ప్లేడే అంటే మా బొగ్గుబాయిల మాటలో వారపు సెలవు. ఆయన ఇంట్లో ఉంటాడు కాబట్టి మనసు కుదురుగా ఉంటుంది, అందుకేనేమో అనుకున్నాను. తర్వాత, చర్చికి వెళ్లి వస్తాను కాబట్టి ప్రార్థన ఫలితమేమో అనుకున్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒక ఆదివారం మా చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. ప్రభువు దినాన ఈ మందు నన్ను బాధించడం లేదు, దేవుని కృప చూడండి అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. మగవాళ్ల వరసలో బావ తల వంచుకుని కూర్చున్నాడు. భక్తి అనుకున్నాను.

బతుకమ్మ సెలవుల్లో రిపోర్టు బాగా వచ్చింది. జబ్బు కణాలు దిగుతున్నాయి. నేను సంతోషంగా బడికి వెళ్లడం మొదలుపెట్టాను, అన్నానికి మాత్రం ఇంటికొచ్చేదాన్ని. క్రిస్మస్ ముందు మళ్లీ చేయిస్తే అంకె అక్కడే ఆగింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కొంచెం పైకి ఎక్కింది. డాక్టరమ్మ ఈసారి బొమ్మ గీయడానికి ఎక్కువసేపు తీసుకుంది.

"చూడండి సుగుణగారూ, మాత్ర కడుపులో పడితే సరిపోదు. రక్తంలోకి రావాలి. రక్తంలోంచి తెల్లకణం లోపలికి వెళ్లాలి. కణం పొర మీద దాన్ని లోపలికి లాక్కునే తలుపుల్లాంటివి ఉంటాయి. కొందరిలో ఆ తలుపులు తక్కువ. కొందరి కణాలు లోపలికి వచ్చిన మందును బయటికి తోసేస్తాయి. అప్పుడు ఎంజైమ్ దాకా చేరేది సరిపోదు."

"అట్లయితే ఏం చేస్తరు మేడం?" అని బావ అడిగాడు.

"మందు మార్చి చూస్తాం. దానికీ లొంగకపోతే ఎముక మూలుగ మార్పిడి దాకా ఆలోచించాలి. ముందు రక్తంలో మందు ఎంత ఉందో చూద్దాం. వచ్చే సోమవారం పొద్దున, ఆ రోజు మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వండి."

ఆ క్రిస్మస్ ఎలా గడిచిందో నాకే తెలుసు. ఇంటి మీద నక్షత్రం కట్టాం, పిండివంటలు చేశాం, నాకేమీ పట్టలేదు. మూలుగ ఇవ్వడానికి మా తమ్ముణ్ని అడగాలి. వాడి భార్య ఒప్పుకుంటుందా? ఒప్పుకున్నా నాకు సరిపోతుందా? పడుకుంటే అవే ఆలోచనలు. భయం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీద చూపించను? నా తెల్లకణాల మీదే చూపించాను. అన్నం పెట్టి నలభై ఏళ్లు దాటేదాకా పెంచితే, గుమ్మం ముందుకొచ్చిన మందుకు తలుపు తీయరా దొంగముండల్లారా అని కూరగాయలు తరుగుతూ తిట్టుకునేదాన్ని. నా ఒంటి మీద నాకే పరాయితనం వచ్చింది. అద్దంలో చూసుకుంటే, ఈ మనిషి లోపల నన్ను చంపేవాళ్లు కాపురముంటున్నారు అనిపించేది.

బావ ఆ రోజుల్లో సరిగ్గా తినలేదు. డ్యూటీకి పోయి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పాపం నా మీద బెంగ అనుకున్నాను. నిజమే, బెంగే.

సోమవారం రక్తం ఇచ్చాం. రిపోర్టు వచ్చాక మళ్లీ వెళ్లాం. రామగుండంలో రైలెక్కడం, దిగి ఆటో బేరమాడటం, చీటీ కోసం ఒక లైను, ఫైలు కోసం ఇంకో లైను, డాక్టరమ్మ గది ముందు మూడో లైను. ఆసుపత్రిలో జబ్బు మనిషికి ముందు కావలసింది గట్టి కాళ్లని ఎవరూ చెప్పరు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఒకామె, నెత్తికి చున్నీ చుట్టుకుని ఉంది, వెంట్రుకలు లేవు. నా ముఖం చూసి లేచి నిలబడింది.

"కూసో అక్కా. నేను పొద్దటిసంది కూసునే ఉన్న. నడుం వట్టింది."

అబద్ధమని తెలుస్తూనే ఉంది. నాకన్నా నీరసంగా ఉంది. వద్దంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సంచిలోంచి జామకాయ తీసి, సగం కొరికిచ్చిందేమో అన్నట్టు వంకరటింకరగా విరిచి నా చేతిలో పెట్టింది. రోగం గురించి ఒక్క మాట అడగలేదు. అన్ని నెలల్లో నన్ను ఏమీ అడగని మనిషి ఆమె ఒక్కతే. పేరు అడగడం మరిచిపోయాను, ఇప్పటికీ గుర్తొస్తుంది.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కాగితం చూసి కళ్లజోడు సర్దుకుంది.

"రక్తంలోనే మందు తక్కువుంది. కణం తలుపు దాకా వస్తేగా లోపలికి వెళ్లేది! మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ వాంతులు దిగమింగుతూ మింగుతున్న మనిషిని అడిగే ప్రశ్నా ఇది? "ఒక్కరోజు కూడా తప్పలేదు మేడం. కావాలంటే మా ఆయన్ని అడగండి. ఆయనే నోట్లో వేస్తాడు" అన్నాను.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. నేనూ తిరిగాను. బావ జేబులోంచి తంబాకు డబ్బా తీశాడు. మూత తెరిచి బల్ల మీద పెట్టాడు. డబ్బా నిండా ఇటుక రంగు మాత్రలు. తంబాకు వాసన గదంతా కొట్టింది.

"ఐతారం వెయ్యలే మేడం" అన్నాడు.

డాక్టరమ్మ డబ్బాలోంచి ఒక మాత్ర తీసి తిప్పి చూసింది.

"మరి ఆదివారం నా నోట్లో వేసిందేంది?" అని నేనే అడిగాను.

"బలం గోలీ. రంగు, లావు గట్లనే ఉంటది."

"ఎందుకండీ ఇలా చేశారు?" అంది డాక్టరమ్మ.

"ఐతారం ప్లేడే మేడం. మా బాయిల ఆరు రోజులు దిగినోనికి ఏడోనాడు రెస్టు ఇయ్యాలె. ఇయ్యకుంటె ఎసుంటి మొగోడైన పడిపోతడు. ఈమె కండ్లు జూస్తుంటి గద, ఉబ్బి గిట్ల అయితుండె. అన్నం తినుడు, కక్కుడు. ఒక్కనాడన్న పానానికి సుకం ఉండనియ్యి అనుకున్న. ఆరు రోజులు పనిచేసిన మందు ఒక్కనాడు రెస్టు తీసుకుంటె ఏమైతది అనుకున్న. గా తలుపులు, మూలుగ అని మీరు చెప్పినంక నాకు బువ్వ పోలే మేడం. పోయిన ఐతారం గూడ చెయ్యి ఆడలే. వేద్దమనుకున్న, ఐతారం గూడ కక్కితె అన్ని దినాల సంగతి బయటవడ్తదని వెయ్యలే."

డాక్టరమ్మ నెమ్మది కూడా ఆ రోజు తప్పింది. ఎంజైమ్‌కు ఆదివారం ఉండదనీ, వారానికోసారి వదిలేస్తే జబ్బు కణాలు ఆ సందులోనే తేరుకుంటాయనీ, మందుకు లొంగని రకాలు పుట్టుకొచ్చే ప్రమాదం ఉందనీ గట్టిగానే చెప్పింది. ఇప్పుడే మందు మార్చననీ, రోజూ సరిగ్గా వేసుకుని ఎండాకాలం మొదట్లో రమ్మనీ అంది. అప్పటికీ దిగకపోతే అప్పుడు చూద్దామంది. బావ అన్నింటికీ తలూపాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు. పై ఆఫీసరు ఇంగ్లీషులో ఏదైనా చెప్తే కూడా అలాగే ఊపుతాడు.

బయటికొచ్చాక వరండాలోనే పట్టుకున్నాను. అందరూ చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

"బావా, ప్లేడే నాడు మీ బాయిల నీళ్లు తోడే పంపు బందువెడ్తరా?"

"పంపా? పంపెట్ల బందువెడ్తరు? పంపోళ్లకు ప్లేడే నాడు గూడ డ్యూటీ ఉంటది. ఒక్కపూట బందైతె తెల్లారెవరకు మోకాలిమంటి నీళ్లు..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నా ముఖం చూశాడు. చేతిలోని డబ్బా చూశాడు. డాక్టరమ్మ గీసిన బొమ్మలు అన్ని నెలలూ చేయలేని పని ఆ పంపు చేసింది.

"నీళ్లు ఊరుడు ఆగదు గద" అన్నాడు. "గా మాట ముందుగాల్నే చెప్తె అయిపోవు గదనే!"

విన్నారా? తప్పు నాదే అన్నట్టు! నువ్వు నా నోట్లో బలం గోలీ వేస్తున్నావని నాకు కలొచ్చి చెప్పాలా అని అరిచాను. అరుస్తూ అరుస్తూ ఏడ్చాను. ఏడుస్తుండగానే లోపల ఒక పిచ్చి సంతోషం పుట్టింది. నా కణాలకు తలుపులు ఉండి ఉండొచ్చు. మందు వాకిట్లోకి రాకపోతే అవి మాత్రం ఎవరికి తలుపు తీస్తాయి? అనవసరంగా అన్ని తిట్లు తిట్టాను వాటిని. మళ్లీ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. చర్చిలో చెప్పిన సాక్ష్యం! ఊరంతా స్తోత్రం అంది! ఆ మనిషి తల వంచుకున్నది భక్తితో కాదు!

రైల్లో ఆయనతో మాట్లాడలేదు. పెద్దపల్లి దాటాక టీ కొనిచ్చాడు. తాగాను గానీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా చాలా రోజులు అవసరమైన మాటలే. నా బాధ చూడలేకపోయాడు, అది నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడైనా రాసుందా? నా ఒళ్లు, నా ప్రాణం, నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే నేనే సరే అనేదాన్నేమో, ఆ వాంతుల్లో. అయినా అడగాలి కదా.

మాత్ర నేనే వేసుకుంటానని రెండు రోజులు పంతం పట్టాను. చేతిలోకి తీసుకోగానే వాంతి చేసుకుని, మళ్లీ ఎలాగో మింగాను. మూడోరోజు అన్నం తిని పళ్లెం పక్కకు జరిపి, "రా" అన్నాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"కండ్లు..." అని ఆగాడు.

"మూయ" అన్నాను.

అప్పట్నుంచి ఆ ఇటుక రంగు మాత్రను చూస్తూనే మింగుతున్నాను. మొదట్లో మహా కష్టంగా ఉండేది. నేను కళ్లు తెరిచి ఉంచితే, నా నోట్లో మాత్ర పెట్టేటప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడు.

ఆదివారాలు ఇప్పుడు మిగతా రోజుల్లాంటివే. చర్చినుంచి రాగానే అన్నం, మాత్ర, కడుపులో తిప్పడం. కనకవ్వకు ఈ సంగతి తెలిసి, "మొగడంటె గట్లుండాలె, ఎంత పావురం" అంది. పావురం అంటే మా వైపు ప్రేమ. ఆ రోజు ఆమెతో కూడా మాట్లాడలేదు. ఆదివారం వంట మాత్రం బావదే. ఎవరూ చెప్పలేదు, ఆయనే మొదలుపెట్టాడు. ప్లేడే నాడు డ్యూటీ చేస్తే డబల్ జీతం ఇస్తరు గద, నాకేమిస్తవ్ అని ఒకసారి దెప్పాను. అప్పట్నుంచి కూరలో ముక్కలన్నీ నా పళ్లెంలోనే వేస్తున్నాడు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే.

ఎండాకాలం మొదట్లో రిపోర్టు వచ్చింది. అంకె దిగింది. ఆగిన చోటు నుంచి బాగా కిందికి దిగింది. డాక్టరమ్మ నవ్వి, మందు మార్చక్కర్లేదు, మూలుగ మాటే వద్దు అంది. మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. చర్చిలో మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారు. నేను చెప్పనన్నాను. ఈసారి బావ లేచాడు. చేతిలో ఖాళీ తంబాకు డబ్బా పట్టుకుని, జరిగినదంతా చెప్పాడు. ఎవరికీ స్తోత్రం అనాలో వద్దో తెలియలేదు.

ఆ మర్నాడు సోమవారం. మొదటి షిఫ్టుకు పోవడానికి చీకటితోనే లేచాడు. నేను టీ పెడుతున్నాను. నా కళ్ల కింద సంచులు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి, ఒక కన్ను సగమే తెరుచుకుంది. స్టవ్ దగ్గరికి వచ్చి నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని దీపం వైపు తిప్పాడు. ఆ ముఖం చూడలేకే కదా అంత పని చేశాడు. కళ్లు తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు.

"మస్తు ఉబ్బింది" అన్నాడు.

"ఉబ్బనీ" అన్నాను.

"ఆఁ, ఉబ్బనీ" అన్నాడు. టీ తాగి డ్యూటీకి పోయాడు.